ఇంట్లోంచి చూస్తే తెరిచే ఉంది

ఒక గంట పట్టొచ్చు సార్, అంది ఫోన్లో ఆవిడ, పేర్ల కంపెనీ ఆవిడ, నెట్‌లో పేజీలకి పేర్లమ్మే కంపెనీ, గొంతులో ఏ తొందరా లేకుండా, ఒక్కోసారి ముందే అయిపోతుంది, ఒక్కోసారి గంటా పడుతుంది, మీ పేరు ఇదివరకు అడిగిన యంత్రాలన్నీ పాత అడ్రసు గుర్తుపెట్టుకుని కూర్చున్నాయి కదా, ముందు అవి మర్చిపోవాలి, మర్చిపోయి మళ్లీ మమ్మల్ని అడిగితే అప్పుడు కొత్తది చెబుతాం. మర్చిపోవడానికి గంట చాలా తల్లీ, అనబోయి డ్రైవింగ్ మాస్టారు నోరు మూసుకున్నాడు. ఎవరితోనైనా వేళాకోళమాడే మనిషే ఆయన. నేర్చుకునేవాళ్లు భయంతో స్టీరింగ్‌ని బిగించి పట్టుకుంటే దాన్ని పిసికితే పాలు రావు, వదులుగా పట్టుకోండి అని నవ్వించేవాడు. ఇవాళ మాత్రం ఫోను బల్ల మీద పెట్టి, చెప్పుల స్టాండ్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఆస్పత్రిలో ఆపరేషన్ గది బయట కూర్చున్నట్టు. చెప్పుల స్టాండ్ పై అరలో మూత పగుళ్లిచ్చిన పాత లాప్‌టాప్ ఉంది, దాని పక్కన పచ్చ దీపం మినుకుమంటోంది, ఇంట్లో ఏమీ జరగనట్టు.

ఆ లాప్‌టాపే వాళ్లింటి సర్వర్, వాళ్లింటి వెబ్ పేజీ ఉండేది అందులోనే. కూతురు కాలేజీలో ఉండగా పాత సామానులోంచి తీసి బతికించింది. ప్రతి యంత్రానికీ ఒక హోస్ట్‌నేమ్ ఉండాలి నాన్నా, మనిషికి పేరున్నట్టే, అని చెప్పి, ఏం పెట్టాలో తోచక కాసేపు బుగ్గలు పూరించి, నాకెలాగూ అక్క లేదు, ఇదే నీ పెద్దమ్మాయి అని అదే పేరు పెట్టేసింది. అందుకే దాని తెర మీద ఇప్పటికీ ప్రతి వరుసా పెద్దమ్మాయి అనే మొదలవుతుంది, ఏ పని చెప్పినా చెప్పేముందు తన పేరు తను చెప్పుకుంటుంది. అది ఇంటి లోపలి పేరు. బయటి లోకానికి ఇంకో పేరు, బుల్లి అని, పక్కన ఇంటి నంబరు. బుల్లి ఆయన భార్య, ఆ పిల్ల తల్లి, పొట్టిగా ఉండేది కాబట్టి అందరికీ బుల్లే, బళ్లో పిల్లలక్కూడా బుల్లి టీచరే. లోకంలో ఎవరు ఎక్కడ కూర్చుని బుల్లి పేరు కొట్టినా తిన్నగా మన చెప్పుల స్టాండ్ దగ్గరికి వస్తారు నాన్నా, అంటే, చెప్పులు విడిచి రమ్మను అన్నాడు ఆయన, బుల్లి వంటగదిలోంచి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఈ గదిలోకే వచ్చింది, ఈ గోడలే విన్నాయి, ఎక్కడికి పోతాయో నవ్వులు.

మధ్యాహ్నం వచ్చింది మెసేజ్. ఆ నంబరు నుంచి అక్షరం రాక ఎన్నాళ్లయిందో, తెర మీద కూతురి పేరు చూడగానే ముందు సంతోషమే వేసింది. "తాళం వేశావు. సరే నాన్నా. నీ ఇల్లు, నీ ఇష్టం. మళ్లీ దాచడం మొదలుపెట్టావన్నమాట. ఇక చూడను." దాని కింద ఇంకా నాలుగు వాక్యాలున్నాయి, వాటిని ఒకసారి చదివి ఆయన మళ్లీ అటు కన్నెత్తలేదు. తాళమేంటమ్మా, ఏ తాళం, అని కొట్టాడు, వెళ్లలేదు. ఫోన్ చేశాడు, మోగకుండానే తెగిపోయింది. కిందింటాయన ఫోన్ అడుక్కుని చేశాడు, ఎవరూ ఎత్తలేదు, రెండోసారి అదీ తెగిపోయింది, మెసేజ్ కూడా వెళ్లలేదు. ఆ పిల్ల ఉండే ఊరు తెలుసు, ఊరు తెలిస్తే సరిపోతుందా, ఏ వీధి, ఏ మేడ, ఎన్నో అంతస్తు. ఊరు పేరు పట్టుకుని మనిషిని వెతకడం అంటే ఎవరిని అడగాలి, మా అమ్మాయిని చూశారా, అలిగితే కింది పెదవి కొరుక్కుంటుంది అని చెప్పాలా.

దాచడం. ఆ మాట దగ్గరే అంతా తెగింది. బుల్లి జబ్బు ముదిరిందని డాక్టర్లు చెప్పాక కూడా ఆయన కూతురికి చెప్పలేదు, పరీక్షలు అవనీ అన్నాడు, అమ్మ బానే ఉంది, కాస్త నీరసం, నిద్రపోతోంది, స్నానానికి వెళ్లింది, పక్కింటికి వెళ్లింది, మంచం దిగలేని మనిషిని ఊరంతా తిప్పాడు అబద్ధాల్లో. పిల్ల వచ్చేసరికి చెప్పడానికేమీ మిగల్లేదు. అరవలేదు, ఏడవలేదు, నడవాలో నిలబడి చాలా నెమ్మదిగా అంది, "నేర్పించే కార్లో నీ కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది చూడు నాన్నా, నా బతుకులో కూడా అలాగే పెట్టుకున్నావు నువ్వు." తర్వాత సంచి సర్దుకుంటూ, "ఫోన్ చెయ్యకు. రాకు. ఇంట్లో ఏం జరిగితే అది ఆ పేజీలో రాయి. మంచైనా చెడైనా దాచకుండా రాయి. చూడాలనిపిస్తే చూస్తా" అంది. అంతే. తండ్రి మీద నమ్మకం లేని కూతురు తండ్రికి పెట్టిన షరతు అది, ఆయన మాత్రం వరం దొరికినట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

రాశాడు. ఇవాళ నీళ్ల మోటారు కాలింది. ఇవాళ ఒకావిడ గేరు మార్చబోయి నా మోకాలు పట్టుకు లాగింది. ఇవాళ నీ అమ్మ చీరలు ఎండలో వేశాను, ఒకటి వెలిసింది, నాదే తప్పు, తియ్యడం మర్చిపోయాను. ఇవాళ ఏమీ తోచలేదు, తినలేదు, ఇది కూడా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. రాసి, తెల్లారి లేచి మొహమైనా కడగకుండా పెద్దమ్మాయి దగ్గర కూర్చునేవాడు. ఎవరొచ్చినా అది గుర్తుంచుకుంటుంది, ఏ వైపు నుంచి వచ్చారో, ఎంతసేపున్నారో, లాగ్ అంటారు దాన్ని, వరుసలు వరుసలుగా. అందులో ఆ ఊరి వైపు నుంచి ఒక వరుస కనిపించేది, రోజూ కాదు, ఎప్పుడో ఒకప్పుడు, పొద్దున పూట, బహుశా బస్సులో ఆఫీసుకు వెళుతూ. ఆ వరుస కనిపించిన రోజు ఆయన కారు వేరేగా నడిచేది. శిష్యులు ఎంత ఘోరంగా మలుపు తిప్పినా భేష్ అనేవాడు. ఏమీ రాయదు ఆ పిల్ల, ఒక్క ముక్క రాయదు, వచ్చి చూసి వెళ్లిపోతుంది, చాలు, గుమ్మం దాకా వచ్చి వెళ్లిందంటే చాలదా.

ఫోన్ మోగింది. గబుక్కున అందుకోబోయి చెయ్యి బల్ల అంచుకు కొట్టుకున్నాడు, పక్కన ఉన్నవి కనిపించవు ఈ మధ్య, ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. కూతురు కాదు. బేకరీ ఆవిడ, సగం నేర్చుకుని ఆగిపోయిన శిష్యురాలు.

"మాస్టారూ, రేపటి నుంచి మళ్లీ వద్దామనుకుంటున్నా, పొద్దున్నే కుదురుతుందా మీకు?"

"నేను మానేశానమ్మా."

"అదేంటి మాస్టారూ! రివర్సు ఇంకా రాలేదు నాకు!"

"కొత్తాయన చెబుతాడు. మంచివాడు, నాలాగా వెటకారాలాడడు."

"మీరు తిడితేనే నాకు వస్తుంది మాస్టారూ" అని ఆవిడ నవ్వి, ఈయన నవ్వకపోయేసరికి తడబడి, ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేసింది.

ఆరోగ్యం. అదీ రాశాడు పేజీలో, దాచకుండా. కంటి డాక్టరు గదిలో చీకటి పెట్టెలో తల పెట్టించి చుక్కలు కనిపిస్తే బొత్తాం నొక్కమన్నాడు, ఆయన చాలాసేపు ఊరికే కూర్చున్నాడు, ఇంకా మొదలుపెట్టలేదేంటి అనుకుంటూ, తర్వాత తెలిసింది చుక్కలు వస్తూనే ఉన్నాయని. పక్కచూపు పోయింది, పోయింది తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవాలి, కారు మాత్రం ఇక ముట్టుకోవద్దు, అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు రాశాడు, ఒక్క మాట తగ్గించలేదు, ఇదిగో అమ్మా, ఈసారి నీకు ముందే చెబుతున్నాను, అందరికంటే ముందు నీకే. రాసి తెల్లారి లేచి లాగ్ చూశాడు. ఆ ఊరి వరుస లేదు. మర్నాడు లేదు. వారం లేదు. అప్పటికే కొన్నాళ్లుగా రావడం లేదు ఆ పిల్ల, పనేమో అనుకున్నాడు, ఊరు మారిందేమో, పెళ్లి చేసుకుందేమో, మంచిదే, కానీ కన్ను పోయిందని రాశాక కూడా రాకపోతే, అప్పుడు ఆయనలో ఏదో తెగిపోయింది. అన్నం ముందు కూర్చుని గట్టిగా అన్నాడు, ఎవరూ లేరు, గోడతో అన్నాడు, అయితే నాకెవరూ లేరన్నమాట. ఆ రాత కింద ఇంకో వాక్యం చేర్చాడు, చదివే దిక్కులేని రాతలు రాస్తున్నాను అని. అదీ అక్కడే ఉంది, ఇప్పటికీ.

పేజీ మాత్రం ఎప్పుడు చూసినా చక్కగా తెరుచుకునేది. అదే ఆయన్ని ముంచింది. తన గదిలో తన కంప్యూటర్ ముందు కూర్చుని బుల్లి పేరు కొడితే చిటికెలో వచ్చేది, తన రాతలు, బుల్లి ఫొటో, అన్నీ ఎక్కడివక్కడ. తలుపు బార్లా తెరిచి ఉంది, రాని వాళ్లది తప్పు. ఇవాళ మెసేజ్ చూశాక కూడా చేసింది అదే, పరుగెత్తుకెళ్లి పేరు కొట్టాడు, తెరుచుకుంది, తాళమెక్కడుంది, ఈ పిల్లకేమైనా మతిపోయిందా అని ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. ఆ కోపంతోనే పేర్ల కంపెనీకి ఫోన్ చేశాడు. ఆవిడ అంతా విని, "మీరు ఇంట్లోంచి చూస్తున్నారా సార్? ఒకసారి మొబైల్లో వైఫై తీసేసి, బయటివాళ్లలాగా చూడండి" అంది. బయటివాళ్లలాగా చూశాడు. బుల్లి పేరు కొట్టాడు. తెల్లటి తెర, మధ్యలో రెండు గళ్లు, పైన మీరెవరు, కింద పాస్‌వర్డ్. బుల్లి ఫొటో లేదు, రాతలు లేవు, ఎవరి ఇంటి తలుపో అది.

"మీ పేరు ఇంకా పాత అడ్రసే చూపిస్తోంది సార్. మీరు నెట్ కంపెనీ మార్చారా?" మార్చాడు. వర్షం పడితే చాలు పాత కనెక్షన్ పోయేది, పోయినప్పుడల్లా ఆయనకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు, సరిగ్గా అప్పుడే అమ్మాయి వస్తే, వచ్చి తలుపు మూసి ఉందనుకుంటే. అందుకే మార్చాడు, తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలనే. కొత్త కంపెనీ మనిషి వచ్చి తీగలు లాగి, పాత రౌటర్ ఊడదీసి పట్టుకెళ్లాడు, దానితో ఇక పని లేదు కదా మాస్టారూ అంటే, పట్టుకెళ్లవయ్యా, దుమ్ము తప్ప ఏముంది అందులో అన్నాడు. అందులో కూతురు పెట్టిన ఒక ఏర్పాటుంది. ఇంటి అడ్రసు, అంటే వీధీ నంబరూ కాదు, నెట్ కంపెనీ ఇచ్చే అంకెలు, అవి మారినప్పుడల్లా ఆ రౌటరే పేర్ల కంపెనీకి కబురు చెప్పేది, బుల్లి ఇప్పుడు ఇక్కడుంది అని. ఆ కబురు చెప్పేది పోయింది. కొత్త రౌటర్‌కి బుల్లి ఎవరో తెలియదు. పాత అంకెలు పాత నెట్ కంపెనీ ఇంకెవరికో ఇచ్చేసింది, ఆ ఎవరో తమ ఇంటికి తాళం వేసుకున్నారు, వేసుకోరా మరి. లోకమంతా బుల్లి పేరు అడిగితే వాళ్ల తలుపు చూపించింది.

మరి నా గదిలోంచి ఎలా తెరుచుకుందమ్మా, అని అడిగాడు ఆవిడని. మీ కంప్యూటర్‌లో హోస్ట్స్ అని ఒక ఫైల్ ఉంటుంది చూడండి సార్, అంది ఆవిడ, ఎక్కడ ఉంటుందో చెప్పింది. తెరిచాడు. ఒకే ఒక్క వరుస, ఇంట్లో ఆ లాప్‌టాప్ ఉన్న చోటు అంకెలు, పక్కన బుల్లి పేరు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన కుర్చీ చేతి మీద కూర్చుని కాళ్లూపుతూ ఆ పిల్ల అన్న మాట. మన ఇంట్లో కూర్చుని మన ఇంటి పేరే అడిగితే ఈ రౌటర్ తికమక పడుతోంది నాన్నా, బయటికెళ్లి మళ్లీ లోపలికి రావడం దానికి చేతకావడం లేదు, నువ్వేమో తెరుచుకోకపోతే నన్ను అర్ధరాత్రి లేపుతావు, అందుకని నీ కంప్యూటర్‌కి చెవిలో చెప్పి పెట్టా. బుల్లి ఎక్కడ అంటే ఇంకెవర్నీ అడక్కుండా నేరుగా చెప్పుల స్టాండ్ దగ్గరికి తీసుకెళ్తుంది, చచ్చినా మర్చిపోదు. మర్చిపోలేదు. లోకమంతా దారి తప్పినా ఆయన కంప్యూటర్ ఒక్కటే మర్చిపోలేదు, రోజూ ఆయనకి అంతా బానే ఉందని చెప్పింది, అమ్మ నిద్రపోతోంది అని ఆయన చెప్పినట్టే. ఆ పోలిక తట్టగానే ఆయన లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు, గుమ్మం పక్క చూసుకోక భుజానికి కొట్టుకుంది, నొప్పి తెలియలేదు.

కొత్త అంకెలు ఆవిడే రాయించింది, కొత్త రౌటర్‌లో బయటివాళ్లని లాప్‌టాప్ దాకా రానిచ్చే దారి కూడా దగ్గరుండి తెరిపించింది, అక్కడ నొక్కండి సార్, కింద, ఇంకా కింద, కుడి పక్కన ఉంటుంది సార్, కుడి పక్కన అంటే ఆయనకి తల తిప్పితే కానీ లేదు. అంతా అయింది, ఇక ఎదురుచూడటమే. గోడ అవతల ఎవరో మేకు కొడుతున్నారు, కొట్టి ఆపి, మళ్లీ కొడుతున్నారు, ఏ ఫొటో తగిలిస్తున్నారో. మెట్ల మీద చెప్పుల చప్పుడు పైకి వెళ్లి తలుపు చప్పుడయింది. అందరి తలుపులూ ఎవరివి వాళ్లకి తెరుచుకుంటాయి. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ బుల్లి పేరు కొట్టాడు, మళ్లీ అవే రెండు గళ్లు. అప్పుడు ఇక తప్పించుకోలేక మెసేజ్‌లో చివరి నాలుగు వాక్యాలు మళ్లీ చదివాడు. "అమ్మ పేరు వేసి చూశాను. నా పుట్టినరోజు వేశాను. అమ్మ పోయిన రోజు కూడా వేశాను. చివరికి సారీ నాన్నా అని వేశాను, అదీ తప్పంది."

ఎప్పుడు వేసిందో. ఎన్ని పొద్దుటి బస్సుల్లో వేసిందో. అవేవీ లాగ్‌లో లేవు, ఉండవు, ఆ తట్టిన చప్పుళ్లన్నీ వేరే వాళ్ల ఇంటికి వెళ్లాయి. అడ్డమైన వాళ్ల రౌటర్‌కి చెప్పింది సారీ అని. ఇన్నేళ్లలో తండ్రికి చెప్పని మాట, చెప్పాల్సిన అవసరం ఏ కోశానా లేని మాట, తప్పంతా తనదైతే ఆ పిల్ల ఎందుకు చెప్పాలి, చెప్పింది, తప్పు అని జవాబొచ్చింది, నాన్నే అన్నాడనుకుంది. ఆయన వేలు ఆ గడి మీద పెట్టాడు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే బుల్లి పేరు కొట్టాడు. తప్పు. కూతురి పుట్టినరోజు కొట్టాడు. తప్పు. బుల్లి పోయిన రోజు అంకెలు ఒక్కొక్కటే కొట్టాడు. తప్పు. నాలుగోది కొట్టలేకపోయాడు, అక్షరాలు అలుక్కుపోయాయి, ఉన్న కాస్త చూపూ నీళ్లతో పోయింది, చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చూసేసరికి తెర దానంతటదే ఆరిపోయింది. పెద్దగా ఏడిచాడు. ఆస్పత్రిలో ఏడవలేదు, అందరూ ఉన్నారని, ఇప్పుడెవరున్నారని. మేకు కొడుతున్న చప్పుడు ఆగింది గోడ అవతల.

చాలాసేపటికి మళ్లీ కొట్టాడు. ఈసారి గళ్లు రాలేదు. కాస్త ఆలస్యంగా, మెల్లగా, ముందు బుల్లి ఫొటో పై సగం, తర్వాత కింది సగం, తర్వాత తన రాతలు వచ్చాయి, చదివే దిక్కులేని రాతలు అన్న వాక్యంతో సహా. పేరు ఇంటికొచ్చింది. లోకంలో ఎవరు ఎక్కడ కూర్చుని కొట్టినా ఇక ఇక్కడికే వస్తారు. గంట కూడా పట్టలేదు, ఆవిడ చెప్పినట్టే. సంతోషపడాలి కదా, అని చూసుకున్నాడు లోపల, ఎక్కడా ఏమీ లేదు. ఎవరు కొడతారు. తలుపు తెరిచి ఉందని ఆ పిల్లకి తెలియాలంటే తలుపు దాకా రావాలి, తలుపుకి తాళం ఉందని కదా ఇక రానంది. చెప్పే దారి ఒక్కటే ఉంది, అది ఈ పేజీయే, ఈ పేజీ ఆ పిల్ల ఇక చూడదు. ఈ ముడి ఎటు నుంచి విప్పాలో ఆయన బుర్రకి అందలేదు, ఎవరి బుర్రకైనా అందుతుందా.

అయినా వెళ్లి తన గదిలో కూర్చున్నాడు. ముందు ఆ హోస్ట్స్ ఫైల్ తెరిచి, కూతురు రాసిన ఆ ఒక్క వరుసనీ చివరి నుంచి ఒక్కో అక్షరం చెరిపేశాడు. ఇక తన గదిలోంచి తన ఇల్లు తనకి తెరుచుకున్నా మానినా సరే, బయట నిలబడిన వాళ్లకి ఏది కనిపిస్తే తనకీ అదే కనిపించాలి. తర్వాత నేరుగా పెద్దమ్మాయి ముందుకే వచ్చి, దాని మీటల మీద వేళ్లు పెట్టి, ఇవాళ్టి రాత రాశాడు. ఎంతో రాద్దామనుకున్నాడు, రౌటర్ సంగతీ, అంకెల సంగతీ, వర్షం సంగతీ, ఏదీ వేళ్లలోకి రాలేదు. "తాళం నేను వెయ్యలేదమ్మా. నువ్వు సారీ చెప్పిన ఇల్లు మనది కాదు." ఇంకేం రాయాలో తెలియక అలాగే ఉంచేశాడు. ఫోన్ తీసుకుని మెట్లు దిగి, వీధి మలుపు దాకా నడిచి, అక్కడ నిలబడి బుల్లి పేరు కొట్టాడు, పేజీ తెరుచుకుంది, ఆ రెండు వాక్యాలూ ఉన్నాయి. తిరిగొచ్చి లాగ్ చూశాడు. కొత్తగా ఒక వరుస ఉంది, బయటి నుంచి వచ్చిన వరుస, ఆ వచ్చింది తనే.